లెఫ్ట్ అవుట్

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో కునుకు తీసేవాళ్లు తక్కువ, వాదించుకునేవాళ్లు ఎక్కువ. మాది కొత్తూరు. శంషాబాద్ విమానాశ్రయం ఎంతో దూరం లేదు కాబట్టి మధ్యమధ్యలో విమానం నెత్తిమీదుగా పోతుంది. వాదన ఆగుతుంది. మోత తగ్గగానే ఎవరు ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడే మళ్లీ అందుకుంటారు.

ఆ రోజు వాదన తులసీదాస్ బలరామ్ గురించి. మా పెద్దమామయ్యకు ఎనభై దాటాయి. చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగారు. ఫుట్‌బాల్ ఆయనకు 1950ల దగ్గరే ఆగిపోయింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రాడు రహీం సాబ్ కంట్లో పడి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా వెళ్లాడని చెప్పేటప్పుడు ఆయన గొంతే మారిపోతుంది. ఆ ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారట! 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఇది నాకు తెలియదంటే నవ్వకండి.

"లెఫ్ట్ అవుట్ అంటే బలరామే బిడ్డా" అంటారాయన. ఇప్పటి పిల్లల భాషలో ఎడమ వింగర్ అన్నమాట. మైదానం అంచు గీత పక్కనే పరుగెత్తుతూ, అడ్డొచ్చినవాళ్లను తప్పించుకుని, బంతిని గోలు ముందున్నవాళ్లకు అందించాలి. వీలైతే తనే కొట్టాలి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద బలరామ్ అలాగే గోల్స్ కొట్టాడు. మ్యాచ్‌లు ఓడిపోయాం, అది వేరే సంగతి.

ఇంటర్ చదివే మావాడు ఊరుకోడు. "అంతా బాగానే ఉంది తాతా. వెనక్కొచ్చి డిఫెన్స్‌కు సాయం చేసేవాడా? ఇప్పుడు వింగర్‌కు అది రాకపోతే కోచ్ బెంచీ మీద కూర్చోబెడతాడు."

"అప్పుడు ముందర ఐదుగురు ఆడేటోళ్లురా. వాళ్ల పని ముందుకు పోవుడే. గా తప్పు ఆటది, ఆయనది కాదు."

మావారిది ఇంకో పాట. బలరామ్ అసలు లోపలి ఆటగాడట. ఇండియా జట్టులో ఆ చోట చునీ గోస్వామి ఉన్నాడు కాబట్టి ఈయన్ను అంచుకు పంపారట. కుడివైపు ఎలాగూ పి.కె. బెనర్జీ ఉన్నాడు.

"ఏడ పెట్టినా ఆడిండు. గదే ఆయన బలం" అన్నారు పెద్దమామయ్య.

"ఎక్కడ పెడితే అక్కడ ఆడేవాడికి తన చోటంటూ ఉండదు తాతా. అదే బలహీనత" అన్నాడు మావాడు.

మజ్జిగ గ్లాసులు తీస్తున్నదాన్ని ఆగిపోయాను. డిగ్రీ చదివి, కథలు రాసుకుంటూ, ఎవరు ఎక్కడ పెడితే అక్కడ సర్దుకున్న మనిషిని కదా! ఏ పక్షమని అడిగితే ఏం చెప్పేదాన్నో. ఇంతలో విమానం వచ్చింది.

మోత తగ్గాక ఎవరూ మళ్లీ అందుకోలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్న బలరామ్, ఆ తర్వాతి ఏడే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడని, అప్పటికి ముప్ఫై కూడా నిండలేదని పెద్దమామయ్య నెమ్మదిగా చెప్పారు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయాడు. మావాడికి తన బాధ తనకుంది. 2021-22లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

ఇంత చర్చలోనూ నోరు విప్పనిది మా అమ్మాయి. ఎనిమిదో తరగతి. వాళ్ల బడి జట్టులో అదీ ఎడమ వింగరే! దాని అల్మరా తలుపు మీద గుగులోత్ సౌమ్య బొమ్మ ఉంటుంది. మన నిజామాబాద్ జిల్లా పిల్ల, వింగర్. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. 2025లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. అయినా మా ఇంట్లో వాదన మాత్రం అరవై ఏళ్ల కిందటి బలరామ్ దగ్గరే తిరుగుతోంది!

మా అమ్మాయి గురించి వాదన లేదా అంటే, ఉంది. అదెప్పుడూ వంటింట్లోనే. వేగం ఉంది, భయం లేదు అని వాళ్ల పీఈటీ సార్ అన్నారు. ఎడమ కాలు పనిచేయదు, కుడికాలి కోసం లోపలికి తిరుగుతుంది, అవతలివాళ్లు కనిపెట్టేస్తారు అనీ అన్నారు. మా ఆడపడుచు లెక్క వేరు. ఎండకు నల్లబడింది, మోకాళ్ల నిండా మచ్చలు, వచ్చే ఏడు తొమ్మిది, ఇక చాలు అంటుంది. నేనూ కాదనలేదు. నిజం చెప్పొద్దూ, లోలోపల మాన్పించాలనే ఉంది.

ఆ రాత్రి పక్క వేస్తుంటే అడిగింది. "అమ్మా, బలరామ్‌ను తాత ఒక్కడే చూశాడు, అయినా అందరూ మాట్లాడారు. నన్ను నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. మూడేళ్లలో ఒక్క మ్యాచ్ కూడా.

మొన్న శనివారం వెళ్లాను. బడి వెనక మట్టి మైదానం, నీడకు ఒక్క వేపచెట్టు. బంతి అందగానే ఇది ఎంత జోరుగా పోతుందో! నా గుండె గొంతులోకొచ్చింది. కానీ తనకంటే లావుపాటి పిల్ల ఎదురైతే చాలు, ఇంకా దారి ఉన్నా బంతి పక్కవాళ్లకు ఇచ్చేస్తోంది. మూడుసార్లు చూశాను. సార్ చెప్పిన ఎడమ కాలు కాదు, నాకు ఇది కనిపించింది. "ఎందుకే గొడవ, అన్నకు ఇచ్చెయ్" అని రిమోట్ దగ్గర, బస్సులో కిటికీ సీటు దగ్గర, ఆఖరి చికెన్ ముక్క దగ్గర ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

ఆట చివర్లో మళ్లీ ఆ పిల్లే ఎదురొచ్చింది. నేను లేచి నిలబడి "ఇవ్వకే!" అని అరిచాను. పక్కనున్న తల్లులు తలలు తిప్పి చూశారు. మా అమ్మాయీ చూసింది. ఆ చూపుతోనే బంతి పోగొట్టుకుంది!

ఇంటికొచ్చేసరికి పెద్దమామయ్య అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"గెలిచిండ్రా?"

"ఓడిపోయాం తాతా" అంది అది, బూట్ల మట్టి దులుపుతూ. "అమ్మ వల్ల."

"ఎడమ కాలుతో కొట్టినవా?"

"ఒకసారి. గోడ దాటి రోడ్డు మీద పడింది."

ఆయన చేతికర్ర అందుకుని లేచారు. "బంతి తే. గోడ దాకా పోయిందంటే కాలు పనిచేస్తున్నట్టే."

మా ఆడపడుచు లోపలి నుంచి ఏదో అంటోంది. విమానం పోతోంది, వినపడలేదు.