పాత పికప్పు కొంటున్నారా? ముందు ఛాసిస్ కిందికి వంగి చూడండి

కుప్పం, వి.కోట, ముళబాగిలు, హోసూరు పరిసర పల్లెల్లో పొలం తరువాత కుటుంబానికి ఆసరాగా నిలిచేది పికప్పు బండి. టమోటా, పాలు, పట్టుగూళ్లు, పశుగ్రాసం, చివరకు పెళ్లి సామాను వరకు అన్నింటినీ మోసేది అదే. కొత్త బండి ధర చిన్న రైతుకు అందని స్థాయికి చేరడంతో చాలామంది పాత బండి కోసం బెంగుళూరు వైపు చూస్తున్నారు. అందులోనూ కాడుగోడికి వెళ్లడం మన వారికి సులువు. వైట్‌ఫీల్డ్ అన్న పేరుతో పిలిచే రైల్వేస్టేషను నిజానికి కాడుగోడిలోనే ఉంది. కుప్పం, బంగారుపేట, మాలూరు మీదుగా వచ్చే రైలు మార్గంలోనే అది ఉంది. 2023లో మెట్రో కూడా అక్కడికి వచ్చింది. ఉదయం రైలెక్కి వెళ్లి, మధ్యాహ్నానికి బేరం కుదుర్చుకుని, చీకటి పడేలోగా బండి తోలుకుని ఇంటికి చేరవచ్చునన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది.

ఈ తొందరే నష్టానికి మూలం. ఇంట్లో ఆడవారి మెడలోని బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము అది. బండి మూడో నెలలోనే ఇంజను విప్పుకుని షెడ్డులో కూర్చుంటే, పోయేది మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు. ఆ సీజనులో రావలసిన బాడుగలు పోతాయి, తాకట్టు వడ్డీ మాత్రం ఆగదు. కాబట్టి మొదటిసారి వెళ్లేటప్పుడు సొమ్ము ఇంట్లోనే ఉంచి, మీకు నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లడం మేలు. అతనికి ఇచ్చే ఒకరోజు కూలిని ఖర్చుగా తలచనక్కరలేదు.

మీటరు చెప్పనిది

బండి కొనబోయేవారు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అన్నది. ప్యాసింజరు కారు విషయంలో ఈ ప్రశ్నకు కొంత విలువ ఉంది. పికప్పు విషయంలో దానికంటే ముందు అడగవలసినది "ఇన్నాళ్లూ ఏం మోసింది, ఎంత మోసింది?" అన్న ప్రశ్న. మీటరును వెనక్కి తిప్పేవారు ఉన్నారన్నది ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది, మీటరు నిజమే చెప్పినా అది సగం కథ మాత్రమే చెబుతుందన్నది.

కాడుగోడి చుట్టుపక్కల పనిచేసే బండ్లనే తీసుకోండి. అక్కడ అపార్టుమెంట్లు, ఐటీ కంపెనీలు, రైల్వే కంటైనర్ల డిపో అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. నీళ్ల క్యాన్లు వేసే బండి రోజుకు పట్టుమని యాభై కిలోమీటర్లు కూడా తిరగకపోవచ్చు. కానీ ప్రతి గేటు దగ్గర ఆగుతుంది, మళ్లీ కదులుతుంది, ట్రాఫిక్కులో గంటల తరబడి మొదటి గేరులోనే పాకుతుంది. మీటరు మీద అంకె చిన్నదే. అయితే క్లచ్ ప్లేట్లు, స్టార్టర్ మోటారు, బ్రేకులు మాత్రం ఎప్పుడో ముసలివై ఉంటాయి. సిమెంటు, గ్రానైటు పలకలు, ఇనుప కడ్డీలు మోసిన బండి సంగతి వేరు. దాని ఇంజను బాగుండవచ్చు, ఛాసిస్ మాత్రం వంగి ఉండవచ్చు. ఇక కోలారు మార్కెట్టుకు రాత్రిళ్లు టమోటా తోలిన బండికి మీటరు మీద పెద్ద అంకె ఉంటుంది. హైవే మీద ఒకే వేగంతో పోయిన ఇంజను గట్టిగానే ఉండవచ్చు, కానీ పరిమితికి మించిన బరువు, కారిన టమోటా రసం దాని తొట్టిని, కమాన్లను తినివేసి ఉంటాయి.

మా అభిప్రాయం అడిగితే, నలుగురు డ్రైవర్లు మారిన తక్కువ కిలోమీటర్ల బండి కంటే, యజమాని స్వయంగా తోలుకున్న ఎక్కువ కిలోమీటర్ల బండే మేలు.

బరువు సంగతి తెలుసుకోవడానికి ఆర్‌సీయే చాలు. అందులో బండి మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ ఉంటాయి. మొదటి దానినుంచి రెండవది తీసివేస్తే చట్టప్రకారం మోయదగిన లోడు తెలుస్తుంది. ఉదాహరణకు మొత్తం బరువు 2,960 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకుంటే మోయదగినది 1,260 కిలోలు. పదిహేను కిలోల టమోటా పెట్టెలు, పెట్టె బరువు కలపకుండానే, 84 మాత్రమే పడతాయి. అమ్మేవాడు మాటల మధ్యలో "నూటయాభై పెట్టెలు ఎక్కించినా కదిలేది కాదయ్యా మా బండి" అని గొప్పగా చెప్పుకుంటే, అది మీకు అతడు తెలియకుండా ఇచ్చిన సాక్ష్యం. అంటే ఆ బండి 2,250 కిలోలు మోసింది. అట్టి బండిని వదిలివేయడమే ఉత్తమం.

నేలమీద పడుకుని చూడవలసినవి

పికప్పుకు ప్రాణం నిచ్చెన ఆకారంలో ఉండే ఛాసిస్. క్యాబిన్‌కు రంగు వేయించడం తేలిక, ఛాసిస్‌ను దాచడం కష్టం. పాత గోనెసంచి పరచుకుని బండి కింద పడుకోండి, లేదా దగ్గరలోని సర్వీసు గుంత మీదికి ఎక్కించండి. క్యాబిన్ ముగిసి తొట్టి మొదలయ్యే చోట, కమాన్ల బ్రాకెట్లు ఛాసిస్‌కు అతుక్కునే చోట చీలికలు, వెల్డింగ్ గుర్తులు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. బండి అంతటా దుమ్ము పట్టి ఉండగా ఛాసిస్‌లో ఒక మూర మేర మాత్రం కొత్త నల్లరంగు మెరుస్తుంటే, ఆ రంగు కింద ఏముందో అడిగి తీరాలి. దానికి సరైన సమాధానం రాకపోతే బేరం అక్కడితో ఆపవచ్చు.

తరువాత కమాన్ పట్టీలు. రెండువైపులా లెక్కపెట్టండి, సంఖ్య సమానంగా ఉండాలి. అదే మోడల్ బండి వేరొకటి పక్కన కనబడితే దానితో పోల్చండి. కంపెనీ ఇచ్చినదానికంటే ఒకటో రెండో పట్టీలు అదనంగా ఉంటే ఆ బండి అధిక లోడుకే బ్రతికిందని అర్థం. ఖాళీగా ఉన్నప్పుడే పట్టీలు చదునుగా పడుకుని ఉన్నా అదే మాట. ఇరుసుకు, ఛాసిస్‌కు నడుమ రబ్బరు దిమ్మలు ఉంటాయి. అవి నలిగి చితికిపోయి, ఇనుము ఇనుముకు తగిలి సొట్టలు మెరుస్తుంటే ఇక వేరే ఋజువు అక్కరలేదు.

ఛాసిస్ వంకర తెలుసుకోవడానికి పల్లెటూరి పద్ధతి ఒకటి ఉంది, యంత్రమేమీ అక్కరలేదు. స్టీరింగు నిటారుగా ఉంచి, ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనుక చక్రం నడిబొడ్డుకు టేపుతో గానీ తాడుతో గానీ రెండువైపులా కొలవండి. రెండు కొలతలు సరిపోవాలి. ఆ తరువాత తడినేల మీద నిటారుగా కొంతదూరం నడిపించి వెనుకనుంచి జాడలు చూడండి. ముందు చక్రాల జాడకు వెనుక చక్రాల జాడ ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా జరిగి ఉంటే, బండి కుక్కలాగా పక్కవాటుగా నడుస్తున్నదన్నమాట. పెద్ద ప్రమాదం జరిగిన బండ్లలోనూ, ఇరుసు జరిగిన బండ్లలోనూ ఇది కనిపిస్తుంది.

తొట్టిలో పరచిన రేకునో మ్యాటునో తప్పక ఎత్తి చూడాలి. చేపలు, టమోటా, పేడ మోసిన తొట్టి పైకి బాగున్నా అడుగున జల్లెడలా ఉంటుంది.

చల్లని ఇంజను మాట

మీరు వెళ్లేసరికి బండి స్టార్టు చేసి సిద్ధంగా ఉంచితే సంతోషించకండి. బానెట్టు మీద చెయ్యి వేసి చూడండి. వేడిగా ఉంటే చల్లబడేదాకా కూర్చుని టీ తాగండి. పాత డీజిలు ఇంజను లోపాలన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. ఎక్కువసేపు తిప్పితే గానీ అందుకోకపోవడం మొదటి హెచ్చరిక. ఆపైన పొగ చూడాలి. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతోంది. తెల్లని పొగ ఇంజను వేడెక్కిన తరువాత కూడా పోక, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్టును అనుమానించాలి. ఎక్కుడులో నల్లపొగ దట్టంగా వస్తే ఇంజెక్టర్లనో, టర్బోనో, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరునో చూపించుకోవాలి. చివరిది చిన్న ఖర్చు, మొదటి రెండూ పెద్దవి.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి, అదే కన్నం మీద తలకిందులుగా ఊరికే పెట్టండి. కొద్దిగా వణికితే ఫరవాలేదు. ఆవిరి ఉబికివచ్చి మూతను ఎగదన్నితే, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అని పిలిచే లోపం ఉన్నట్లు. రింగులు, బోరు అరిగిపోయాయి, ఇంజను పని త్వరలోనే చేయించవలసి ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లగా ఉండటం దోషం కాదు. మజ్జిగలా తెల్లబడి ఉంటే దోషం, ఎందుకంటే నీళ్లు కలిశాయి.

క్లచ్‌ను పరీక్షించడానికి ముందు వెనుక ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్లు, ఆగకుండా మోగుతూనే ఉంటే అరిగినట్లు. ఒకసారి చేస్తే చాలు, పదే పదే చేస్తే అమ్మేవానికి కోపం రావడంలో తప్పులేదు. ఖాళీ బండిని చదునైన రోడ్డుమీద నడిపి తృప్తిపడవద్దు. నలుగురైదుగురి బరువుకు సమానమైన మూటలైనా వేసి, ఫ్లైఓవరు ఎక్కుడుమీద నడపండి. వేగం తగ్గించి పెంచినప్పుడు కింద "టక్" మని శబ్దం వస్తే జాయింటు క్రాసులు పోయాయి. వేగంలో వెనుకనుంచి తుమ్మెద రొదలాంటి మోత వస్తుంటే డిఫరెన్షియల్ చూపించాలి.

2020 ఏప్రిల్ తరువాత అమ్మిన బండ్లు బీఎస్-6 ప్రమాణాలవి. వీటి పొగ శుద్ధిచేసే పరికరాలు ఖరీదైనవి, స్కానరు లేనిదే లోపం తెలియదు. తాళం తిప్పగానే ఇంజను హెచ్చరిక దీపం వెలగాలి, స్టార్టు అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో దానిని పీకివేశారని అనుమానించండి. టైర్ల పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది.

ఏ కంపెనీ బండి అన్నదానికి మా సమాధానం చిన్నది. మీ ఊరి మెకానిక్కుకు చేయి తిరిగిన బండి, దగ్గరి పట్టణంలో సామాను దొరికే బండి. బొలేరో పికప్పు, 2005లో వచ్చిన టాటా ఏస్, 2011లో మార్కెట్టుకు వచ్చిన హోసూరు తయారీ దోస్త్ మన ప్రాంతానికి అలవాటైనవే. అయితే ఏస్ చిన్న లోడుకు చేసినది, దానితో పెద్ద పని చేయించాలని చూడవద్దు.

సరిహద్దు దాటే కాగితాలు

బండి బాగున్నా కాగితాలు బాగుండకపోతే అది మీ బండి కాదు. ఆర్‌సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండి మీద చెక్కిన నంబర్లతో అక్షరం అక్షరం పోల్చండి. ఛాసిస్ నంబరు దగ్గర రాకిన గుర్తులుంటే వెనుదిరగండి. వాహన్ వెబ్‌సైటులో ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, పన్ను ఎప్పటివరకు ఉన్నాయో, ఫైనాన్సు ఉందో తెలుస్తుంది. చలానాలు ఎన్ని పెండింగులో ఉన్నాయో కూడా విడిగా చూడాలి. రవాణా బండికి ఎనిమిదేళ్లు నిండేవరకు ఎఫ్‌సీ రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా చేయించాలి. అప్పు తీరిపోయిందని నోటిమాట చాలదు. ఫైనాన్సు సంస్థ ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రావాలి.

కె.ఎ. 53 నంబరు బండి కుప్పానికో హోసూరుకో రావాలంటే కర్ణాటక ఆర్‌టీవో నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తీసుకుని, మన రాష్ట్రంలో పన్ను కట్టి, కొత్త నంబరు పొందాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి బండిని ఉంచుకుంటే కొత్త నంబరు తప్పనిసరి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద అమ్మినవాని సంతకాలు కావాలి. మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వకుండా, ఎన్ఓసీ చేతికి వచ్చేవరకు కొంత నిలిపి ఉంచుకోండి. ఇచ్చేదంతా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బండి చేతులు మారిన తేదీనే కాక గంటను కూడా రాసి ఇరువురూ సంతకం చేయాలి.

ఈ గంట ఎందుకంటే, ఆ సాయంత్రమే దారిలో ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులన్న ప్రశ్న వస్తుంది. రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది, కాబట్టి అమ్మినవానికీ పేరు మార్పిడి అవసరమే. ఎదుటివారికి జరిగిన నష్టానికి ఉన్న ఇన్సూరెన్సు బండితోపాటే వస్తుంది. మీ బండికి జరిగిన నష్టం మాత్రం పాలసీ మీ పేరుకు మారేవరకు దక్కదు. కొన్న పద్నాలుగు రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేయాలి.

పిల్లవానికి కారు లైసెన్సే ఉంది, పికప్పు నడపవచ్చునా అని చాలామంది అడుగుతుంటారు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది.

బండి ఇంటికి చేరిన వారంలోనే ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, డీజిలు ఫిల్టరు, కూలెంటు మార్పించి, నాలుగు చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించాలి. ఈ ఖర్చును బేరం ఆడేటప్పుడే లెక్కలో వేసుకోండి.