పీడీఎఫ్ ఉందా అక్కా?

మన డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అందరికంటే ఎక్కువసార్లు కనిపించే వాక్యం ఇదే. సెమిస్టర్ మొదలైన రోజు నుంచి పరీక్షల ముందు రాత్రి దాకా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడగడంలో తప్పేమీ లేదు. విజయవాడలో చదివే అమ్మాయి బజారుకెళ్ళి తెలుగు పుస్తకం కొనుక్కుంటుంది. చెన్నైలో మనకు తెలుగు పుస్తకాల కొట్టు వెతుక్కోవడమే ఒక పని. అందుకే ఎవరి దగ్గరైనా స్కాన్ ఉందంటే ప్రాణం లేచొస్తుంది.

అయితే ఆ పీడీఎఫ్ పంపొచ్చా, కూడదా అనే మాట వచ్చినప్పుడల్లా గ్రూపులో రెండు పక్షాలు. "చదువుకోవడానికే కదా, ఏమీ కాదు" అని కొందరు. "అదంతా పైరసీ, కేసు పెడతారు" అని కొందరు. నేను చట్టం తీసి చదివాను. ఇద్దరూ సగమే కరెక్టు.

మన దేశంలో ఇది 1957 నాటి కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్ళను చనిపోయిన సంవత్సరానికి మరుసటి జనవరి 1 నుంచి లెక్కపెట్టాలి. మొదట ఇది 50 ఏళ్ళే. 1941లో చనిపోయిన ఠాగూర్ రచనల గడువు 1991తో ముగిసిపోవడంతో 1992లో చట్టం మార్చి 60 చేశారు. ఒక్క మహాకవి వల్ల దేశంలోని రచయితలందరి వారసులకూ పదేళ్ళు కలిసొచ్చాయి!

ఈ లెక్క మన సిలబస్‌కి వేసి చూడండి. గురజాడ 1915లో పోయారు, కందుకూరి 1919లో ఈ ఊళ్ళోనే పోయారు, బండారు అచ్చమాంబ 1905లోనే పోయారు. వీళ్ళ రచనలు ఇప్పుడు అందరివీ. స్కాన్ చేయొచ్చు, టైపు చేయొచ్చు, వెయ్యిమందికి పంపొచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. జాషువా 1971లో పోయారు కాబట్టి 2031 చివరిదాకా హక్కు ఉంది. విశ్వనాథకి 2036 దాకా, శ్రీశ్రీకి 2043 దాకా. మన తిరువణ్ణామలైలో 1979లో కన్నుమూసిన చలం పుస్తకాలు 2040 జనవరి 1న గానీ అందరివీ కావు. అప్పటికి మనలో కొందరి పిల్లలు కాలేజీలో ఉంటారు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి, చాలామంది గమనించనివి. ఒకటి, మూలం పాతదైనా దాని మీద రాసిన వ్యాఖ్య పాతది కాకపోవచ్చు. మనుచరిత్ర పద్యాలు ఎవరి సొత్తూ కాదు. కానీ మొన్నమొన్నటి పండితుడు రాసిన టీకా తాత్పర్యాలు, పీఠిక ఆయనవే. పుస్తకం మొత్తం స్కాన్ చేస్తే పెద్దనతో పాటు ఆయన్నీ స్కాన్ చేసినట్టే. రెండోది పత్రికలు. 1924లో మద్రాసులో మొదలైన భారతి పాత సంచికలు నెట్‌లో దొరుకుతాయి. కాగితం పచ్చబడింది కాబట్టి హక్కులు పోయాయనుకుంటాం. అలా కాదు. ఒక సంచికలో పదిమంది రాస్తే పది లెక్కలు. 1950లో రాసిన కుర్రాడు 1990 దాకా బతికితే ఆ వ్యాసం మీద హక్కు 2050 దాకా ఉంటుంది.

మరి హక్కు ఉన్న పుస్తకాన్ని అసలు ముట్టుకోకూడదా? ముట్టుకోవచ్చు. 52వ సెక్షన్ అందుకే ఉంది. సొంతంగా చదువుకోవడానికి, పరిశోధనకి న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. పాఠం చెప్పే సందర్భంలో టీచరు గానీ విద్యార్థి గానీ ప్రతి తీసుకోవచ్చు. దీని మీదే పెద్ద కేసు నడిచింది. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక జెరాక్సు కొట్టువాళ్ళు సిలబస్ ప్రకారం రకరకాల పుస్తకాల్లోని అధ్యాయాలు కలిపి కట్టలుగా అమ్మేవారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు కోర్టుకెళ్ళాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు వాళ్ళ దావా కొట్టేసింది. డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి కూడా, చదువుకు అవసరమైన మేరకు ప్రతులు తీయడం తప్పు కాదంది. అయితే ఆ కట్టల్లో ఉన్నవన్నీ నిజంగా పాఠానికి అవసరమేనా అన్నది విచారించాలని కింది కోర్టుకి పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు కేసు వెనక్కి తీసుకున్నారు.

నాకు ఆ ప్రశ్నే నచ్చింది: పాఠానికి అవసరమా? మేడమ్ చెప్పే పాఠంలో ఉన్న కథ క్లాసు గ్రూపులో పెట్టడం ఒక రకం. ఆ కథల సంపుటి మొత్తం ముక్కూమొహం తెలియని వెయ్యిమంది ఉన్న గ్రూపులో పడేయడం ఇంకో రకం. రెండోదానికి చదువు పేరు చెప్పుకోలేం. తెలిసి హక్కును ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని రాసుంది. లాభం కోసం చేయకపోతే కోర్టు తగ్గించొచ్చు. ఎవరూ మన మీద కేసు పెట్టరనుకోండి. అయినా ఒక్క మాట. ఇవాళ తెలుగులో కథల పుస్తకం వేసేవాళ్ళు చాలామంది సొంత డబ్బు పెట్టి 500, మహా అయితే 1000 కాపీలు వేస్తారు. అవి అమ్ముడైతేనే రెండో పుస్తకం. ఆమె పుస్తకం బజారులో ఉండగా, 150 రూపాయలకి దొరుకుతుండగా, మనం పీడీఎఫ్ తిప్పితే నష్టం ఆక్స్‌ఫర్డ్‌కి కాదు, ఆమెకి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కాపీ కొని మార్చుకోవచ్చు. దానికి ఏ చట్టమూ అడ్డురాదు.

అసలు బాధ దొరకని పుస్తకాలతో. కనుపర్తి వరలక్ష్మమ్మ 1978లో పోయారు. అంటే 2038 దాకా ఆగాలి. రచయిత లేరు, ప్రచురణకర్త కొట్టు కట్టేశాడు, వారసులు ఎక్కడున్నారో తెలియదు అనే పుస్తకాలు మన బీరువాలోనే ఎన్నో. చట్టంలో వీటికి 31ఏ అనే దారి ఉంది, దరఖాస్తు పెట్టుకుని అనుమతి తెచ్చుకోవచ్చు. డిగ్రీ చదివే పిల్ల ఆ పని చేస్తుందా! ఈ విషయంలో పక్క తమిళ విభాగం వాళ్ళని చూస్తే నాకు కాస్త అసూయ. భారతియార్ రచనల హక్కులు 1949లోనే ప్రభుత్వం తీసుకుంది. ఆ తర్వాత ఎందరో తమిళ రచయితల కుటుంబాలకు డబ్బిచ్చి వాళ్ళ రచనలను జాతీయం చేసింది. వారసులకు దక్కాల్సింది దక్కింది, చదివేవాళ్ళకి పుస్తకమూ దక్కింది.

మనకున్న దారి ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీ. 1954 చట్టం ప్రకారం దేశంలో ఎక్కడ పుస్తకం అచ్చయినా ఒక ప్రతి అక్కడికి పంపాలి, తెలుగైనా సరే. పీడీఎఫ్ అడిగే ముందు అక్కడ కేటలాగు చూడండి.

ఇంకొకటి చెప్పాలి. చూపు లేని వాళ్ళు చదువుకునే రూపంలోకి మార్చి ఇవ్వడానికి 2012 సవరణ తర్వాత అనుమతి అక్కర్లేదు, హక్కు ఉన్న పుస్తకమైనా సరే. కానీ మనం తిప్పే స్కాన్లు ఉత్త ఫోటోలు, ఫోన్ వాటిని సరిగా చదివి వినిపించలేదు. ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయాలి. జూనియర్ల సిలబస్‌లోని జాషువా పాఠంతో మేం ముగ్గురం మొదలుపెట్టాం, వారానికి నాలుగు పేజీలు. తెలుగు టైపింగు వచ్చినవాళ్ళు మధ్యాహ్నం భోజనాల తర్వాత డిపార్ట్‌మెంటు లైబ్రరీలో కలవండి.