ఫర్నేస్ పదేపదే ఆగిపోతోందా? స్విచ్ మార్చే ముందు కారణం తెలుసుకోవాలి

అమెరికా, కెనడాలలో చలికాలం వచ్చిందంటే ఇళ్లను వెచ్చగా ఉంచే భారం చాలా చోట్ల గ్యాస్ ఫర్నేస్‌పైనే పడుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, పిల్లల వద్దకు వెళ్లిన తల్లిదండ్రులకు అది నేలమాళిగలోనో, అటకపైనో కనబడకుండా పనిచేసే యంత్రం. అది మాటిమాటికీ ఆగిపోయినప్పుడే లోపలి ఒక చిన్న భాగం పేరు వినవస్తుంది. అదే హై లిమిట్ స్విచ్.

గది చల్లబడిందని థర్మోస్టాట్ గుర్తించగానే ఫర్నేస్‌లో బర్నర్లు వెలుగుతాయి. ఆ మంట హీట్ ఎక్స్ఛేంజర్ అనే లోహపు అరను వేడి చేస్తుంది. బ్లోయర్ పంపే గాలి ఆ అర వెలుపలి గోడలను తాకి, వేడెక్కి గదులకు చేరుతుంది. దహన వాయువులు ప్రత్యేక గొట్టం ద్వారా ఇంటి బయటకు పోతాయి.

గాలి ప్రవాహం తగ్గితే వేడి లోపలే పేరుకుపోతుంది. దానిని కనిపెట్టేదే లిమిట్ స్విచ్. అనేక నమూనాలలో ఇందులో రెండు లోహాలను అతికించిన పలుచని బిళ్ల ఉంటుంది. రెండు లోహాలూ సమానంగా వ్యాకోచించవు కనుక, నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద బిళ్ల ఒక్కసారిగా వంగి విద్యుత్ వలయాన్ని తెంచుతుంది. వెంటనే గ్యాస్ వాల్వ్ మూసుకుంటుంది. బ్లోయర్ మాత్రం తిరుగుతూ యంత్రాన్ని చల్లబరుస్తుంది. చల్లబడిన తరువాత చాలా స్విచ్‌లు వాటంతటవే యథాస్థితికి వస్తాయి.

కాబట్టి స్విచ్ పడిపోయినంత మాత్రాన అది చెడిపోయినట్లు కాదు. తన విధిని నిర్వర్తించి ఉండవచ్చు. దుమ్ముతో పూడుకుపోయిన ఫిల్టర్, మూసివేసిన గాలి ద్వారాలు, బలహీనపడిన బ్లోయర్ ఇందుకు సాధారణ కారణాలు. వీటిని సరిచేయకుండా కొత్త స్విచ్ బిగించినా అదీ పడిపోతూనే ఉంటుంది.

స్విచ్చే లోపభూయిష్టమని పరీక్షలో తేలితే, ఫర్నేస్ నమూనా సంఖ్యకు తయారీదారు సూచించిన భాగాన్నే వాడాలి. చూపులకు ఒకేలా ఉన్న రెండు స్విచ్‌లలో ఒకటి 150 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద, అంటే సుమారు 66 డిగ్రీల సెల్సియస్ వద్ద, మరొకటి 180 వద్ద, అంటే సుమారు 82 డిగ్రీల సెల్సియస్ వద్ద తెగవచ్చు. లోపలికి చొచ్చుకుపోయే కడ్డీ పొడవు కూడా సరిపోవాలి. ఈ పని అర్హత కలిగిన సాంకేతిక నిపుణునికే అప్పగించడం క్షేమం.

రెండు తీగలను కలిపి స్విచ్‌ను తప్పించడం అత్యంత ప్రమాదకరం. అదుపు లేని వేడికి హీట్ ఎక్స్ఛేంజర్ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరే అవకాశం ఉంది. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం దీని తొలి లక్షణాలు. ఇంట్లో పలువురికి ఒకేసారి ఇవి కనిపించినా, హెచ్చరిక పరికరం మోగినా, వెంటనే బయటకు వెళ్లి 911కు ఫోన్ చేయాలి.

మన ఇళ్లలోని విద్యుత్ గీజర్లలోనూ థర్మోస్టాట్ విఫలమైతే కాపాడే థర్మల్ కటౌట్ ఉంటుంది. దానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది: రక్షణ స్విచ్ ఆపిందంటే, ముందుగా వెతకవలసింది అది ఎందుకు ఆపిందన్న కారణాన్ని.