ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి: వీఆర్ హెడ్‌సెట్ల శుభ్రత



వీఆర్ హెడ్‌సెట్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. చిన్న పెట్టెలాంటి కళ్ళజోడు అది. కళ్ళకు ఆనించి, పట్టీలతో తల చుట్టూ బిగిస్తారు. లోపల రెండు లెన్సులు, వాటి వెనుక తెర ఉంటాయి. పెట్టుకున్నవారికి తాము సముద్రం అడుగునో మంచుకొండల మధ్యనో ఉన్నట్టు కనిపిస్తుంది. షాపింగ్ మాల్స్‌లో ఆటలకు, కొన్ని స్కూళ్ళలో పాఠాలకు వాడుతున్నారు. ఆసుపత్రులకు ఇది మరీ కొత్తదేమీ కాదు. అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1996లోనే కాలిన గాయాల రోగులకు దీన్ని పెట్టి చూశారు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మనసు నొప్పి మీదికి పోకుండా ఉంటుందని వారి ఆలోచన. డ్రెస్సింగ్ ట్రాలీ చప్పుడు వింటేనే ఏడుపు అందుకునే పిల్లల పక్కన నిలబడిన ఏ నర్సుకైనా దాని విలువ తెలుస్తుంది.

అయితే ఈ హెడ్‌సెట్‌ను అందరూ కంప్యూటర్ సామానుగానే చూస్తారు. ఛార్జింగ్ పెడతారు, దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతారు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మేము మాత్రం దీన్ని థర్మామీటరు, బీపీ పట్టీల వరుసలో పెడతాం. ఒకరి ఒంటికి తగిలి, వెంటనే మరొకరి ఒంటికి తగిలే వస్తువు ఇది. పైగా తగిలేది ముఖానికి, కళ్ళ పక్కనే.

ముఖానికి ఆనే స్పాంజి మెత్త సంగతి ముందు చెప్పుకోవాలి. మన ఎండల్లో పది నిమిషాలు పెట్టుకుంటే చాలు, అది చెమట పీల్చుకుంటుంది. కొబ్బరినూనె, పౌడరు, కాటుక అన్నీ దానికే అంటుకుంటాయి. పైపైన తుడిస్తే పైన ఉన్నదే పోతుంది, లోపలికి ఇంకినది అక్కడే ఉంటుంది. కాబట్టి పదిమంది వాడే చోట ఉత్త స్పాంజితో హెడ్‌సెట్ ఇవ్వకూడదు. దాని మీద తుడవడానికి వీలైన సిలికాన్ తొడుగు వేయాలి. ఒక్కోసారి స్పాంజి కొత్తదైనా కొందరి చర్మానికి పడదు. 2021 జులైలో ఓక్యులస్ క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్ స్పాంజి వల్ల ముఖం మీద దద్దుర్లు, దురద వస్తున్నాయని అమెరికాలో సుమారు 40 లక్షల మెత్తల విషయంలో రీకాల్ ప్రకటించి, పైన వేసుకునే సిలికాన్ తొడుగులు ఉచితంగా ఇచ్చారు. అందుకని ముఖం ఎర్రబడిన ప్రతిసారీ అంటువ్యాధేనని కంగారు పడనక్కరలేదు. వాడడం ఆపి డాక్టరుకు చూపించండి.

తల్లులు ఎక్కువగా అడిగేది పేల గురించి. పేలు ముఖ్యంగా తలకు తల ఆనినప్పుడు ఎక్కుతాయి. పట్టీల ద్వారా ఎక్కడం తక్కువే, అయినా అసలు ఎక్కవని చెప్పలేం. తామర, చీము పొక్కుల వంటి చర్మవ్యాధులకూ ఇలా పంచుకునే వస్తువులు దారి కావచ్చు.

మాకు అన్నిటికంటే ఎక్కువ భయం కళ్ళకలక. 2023 వర్షాకాలంలో మన తెలుగు రాష్ట్రాల్లో హాస్టళ్ళకు హాస్టళ్ళే ఎర్రకళ్ళతో నిండిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కళ్ళకలక తెచ్చే ఎడినోవైరస్, ఎంటిరోవైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉండదు. కరోనా వైరస్‌కు ఆ పొర ఉంది కనుకే సబ్బుకు, స్పిరిట్‌కు తేలికగా లొంగింది. వీటికి ఆ బలహీనత లేదు. ఎడినోవైరస్ పొడి వస్తువుల మీద కూడా రోజుల తరబడి బతికి ఉండగలదు. మామూలు స్పిరిట్‌తో ఒకసారి తుడిస్తే అది చచ్చిందని నమ్మడానికి లేదు. దాన్ని చంపగలిగే బ్లీచింగ్ ద్రావణం వాడదామంటే హెడ్‌సెట్ పాడవుతుంది. పైగా అంటుకున్న వెంటనే కన్ను ఎర్రబడదు, చాలాసార్లు వారం అటూఇటూ పడుతుంది. అప్పటికి హెడ్‌సెట్ పెట్టుకున్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?

అందుకే తుడవడం కంటే ముందు చూడడం ముఖ్యమంటాం. పెట్టుకునే ప్రతి ఒక్కరి కళ్ళు వెలుతురులో చూడండి. ఎరుపు, పుసి, నీరు కారడం ఉంటే ఆ రోజు వద్దు. ఇంట్లో ఎవరికైనా కళ్ళకలక ఉందేమో అడగండి. ముఖం మీద పుండ్లు, పొక్కులు ఉన్నా, తలలో పుండ్లు ఉన్నా, ఈ మధ్య కంటి ఆపరేషన్ అయినా ఇవ్వకండి. సియాటిల్‌లో తల, ముఖం కాలినవారి కోసం హెడ్‌సెట్‌ను ఒంటికి తగలనివ్వకుండా స్టాండు చేతికి అమర్చి కళ్ళ ముందు నిలిపే పద్ధతిని తయారుచేశారు. ఆ ఏర్పాటు లేని మనలాంటి చోట్ల అలాంటివారికి మానేయడమే మేలు.

ఇక తుడిచే పద్ధతి. ముందు చేతులు కడుక్కోవాలి, పెట్టుకోబోయేవారితోనూ కడిగించాలి. చేత పట్టుకునే మీటలకు అందరి చేతులూ తగులుతాయి కదా. తర్వాత జిడ్డు తీయాలి. జిడ్డు మీద రాసిన మందు పనిచేయదని నర్సింగ్ విద్యార్థులకు మొదటి ఏడాదే చెబుతాం. తొడుగును సబ్బునీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఆ తర్వాత కంపెనీ పుస్తకంలో ఒప్పుకున్న వైప్స్‌తో తుడవాలి. కొన్ని కంపెనీలు స్పిరిట్ లేనివే వాడమంటాయి, కాబట్టి ఆ పుస్తకం పారేయకండి. వైప్స్ ప్యాకెట్ మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉండాలో రాసి ఉంటుంది. అంతసేపు తడి ఆరకూడదు. తుడిచీ తుడవకముందే పొడిగుడ్డతో ఒత్తేయడం చాలాచోట్ల చూస్తాం, దానివల్ల మందు ఖర్చే తప్ప ఫలితం లేదు. పూర్తిగా ఆరాకే తరువాతి ముఖానికి పెట్టాలి.

లెన్సులను మాత్రం తడితో ముట్టుకోవద్దు. కళ్ళజోడు తుడిచే మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిస్తే చాలు.

ఎండలో పెడితే క్రిములు చస్తాయని మన ఇళ్ళలో పరుపులు, దిండ్లు ఆరేస్తాం. హెడ్‌సెట్‌ను అలా ఎప్పుడూ పెట్టకండి. లెన్సులోంచి ఎండ లోపలి తెర మీద పడి, భూతద్దంతో కాగితం కాల్చినట్టు కొద్దిసేపట్లోనే మచ్చ పడుతుంది. వార్డులో కిటికీ పక్క బల్ల మీద కూడా వద్దు. అల్ట్రావయొలెట్ పెట్టెలు కొన్నవారికి ఒక మాట: ఆ కాంతి పడిన చోటే పనిచేస్తుంది, మడతల్లోకి, పట్టీ కిందికి వెళ్ళదు. తుడవడం మానడానికి వీల్లేదు.

ఇవన్నీ తెలిసినా వరుసలో ఇరవైమంది పిల్లలు నిలబడితే తుడవడం పక్కకు పోతుంది. స్కూలు ఎగ్జిబిషన్లలో జరిగేది ఇదే. మా సలహా ఏమిటంటే, గంటకు ఎంతమందికి ఇవ్వాలో తుడిచి ఆరబెట్టే సమయాన్ని కూడా కలుపుకొని ముందే లెక్క వేసుకోండి. మిగిలినవారికి రేపు రమ్మని చెప్పండి. వీలుంటే ఒక్కో హెడ్‌సెట్‌కు రెండు తొడుగులు ఉంచుకోండి. ఒకటి ఆరేలోగా రెండోది వాడవచ్చు. విడదీయగల గుడ్డ పట్టీలుంటే కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు ఉతికించండి. స్పాంజి చిట్లినా, వాసన వచ్చినా కొత్తది వేయించండి, దాన్ని ఉతికి మళ్ళీ వాడే ప్రయత్నం చేయవద్దు.