బడి బ్యాండులో ముందర నడిచేవాడు

ఆగస్టు 15న గానీ, జనవరి 26న గానీ పొద్దున్నే ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో రోడ్డు పక్కన నిలబడినవాళ్ళకు బడిపిల్లల బ్యాండు కనబడకుండా పోదు. తెల్లబట్టలు, భుజాలకు వేలాడే డ్రమ్ములు, అందరికంటే ముందర చేతికర్రను ఎత్తుతూ దించుతూ ఒక పిల్లవాడు. చూసేవాళ్ళ కళ్ళన్నీ వాడి మీదే. "ఎవరి పిల్లోడప్పా వాడు?" అని అడుగుతారు. వాడు కర్ర ఎందుకు ఎత్తుతున్నాడని మాత్రం ఎవరూ అడగరు. అలంకారానికి అనుకుంటారు కాబోలు. నిజానికి ఆ కర్ర సమయానికి దిగకపోతే వెనకనున్న పాతికమంది కాళ్ళు పాతిక దార్లు పడతాయి. ఆ కర్ర పట్టే పిల్లవాడు ఎట్లా తయారవుతాడు, వాణ్ణి ఎట్లా ఎంచుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను. మన కాలేజీలో చాలామంది ఒకప్పుడు బ్యాండు వెనక నడిచినవాళ్ళే గనుక ఈ సంగతి ఎవరికీ పరాయిది కాదు.

బ్యాండు మన దేశానికి తెల్లవాళ్ళ పటాలాలతో వచ్చింది. అట్లని అది పూర్తిగా తెల్లవాళ్ళ సొత్తూ కాదు. టర్కీ సుల్తానుల జానిసరీ సైన్యం పెద్ద డోళ్ళతో, తాళాలతో యుద్ధానికి కదిలేది. 18వ శతాబ్దంలో యూరప్ రాజులు ఆ మోతకు ముచ్చటపడి తమ దళాల్లోనూ పెద్దడోలు, తాళాలు, ట్రయాంగిల్ చేర్చుకున్నారు. ఈనాడు మన బడుల్లో ఉండే సరంజామాలో ఎక్కువ భాగం అదే. స్వాతంత్ర్యం వచ్చినాక మన సైన్యం ఈ విద్యను వదులుకోలేదు. 1950లో పచ్‌మఢీలో సైనిక సంగీతానికి ప్రత్యేక శిక్షణ విభాగం పెట్టుకుంది. 1948లో మొదలైన ఎన్.సి.సి. వల్ల ఆ కవాతు పద్ధతి బడులకూ కాలేజీలకూ బాగా అలవాటైంది. ఒక చిన్న ముచ్చట: లండన్లో రాజుగారి కావలిదళం వాద్యగాళ్ళు ఎలుగుబంటి తోలు టోపీలు పెట్టుకుంటారు. మన కర్నూలు జిల్లా గొరవయ్యలు కూడా ఎలుగుబంటి తోలు టోపీ పెట్టుకొనే డమరుకం కొడుతూ ఆడతారు. డోలు మోగేచోట మనిషి ఒక జానెడు ఎత్తుగా కనబడాలన్న ఆశ రెండు చోట్లా ఒకటే అనుకుంటాను.

డోలుకు అడుగు కలపడం మాత్రం మనకు ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. కైరుప్పలలో ఉగాది మరునాడు పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామికీ భద్రకాళికీ నడుమ పెళ్ళి తగవును తలచుకొని ఊరు రెండు జట్లుగా చీలి పిడకలు విసురుకుంటుంది. అంతకుముందు కారుమంచి నుంచి గుర్రం మీద పెద్దమనిషి మేళతాళాలతో వచ్చి గుళ్ళో పూజ చేసి పోవాలి. ఆ గుంపును గమనించండి. వరుస లేదు, కమాండు లేదు. అయినా తప్పెట దెబ్బ మారగానే జనం నడక మారుతుంది. ముందరి తప్పెట పట్టినాయన దెబ్బ మారిస్తే మిగతావాళ్ళు చూస్తుండగానే అందుకుంటారు. బ్యాండు లీడరు చేసేది కూడా సగం ఇదే పని. మిగతా సగం కొలతలకు సంబంధించినది. జాతరకు కొలత అక్కరలేదు, బ్యాండుకు కావాలి.

ఆ కొలత ఏమిటంటే నిమిషానికి 120 అడుగులు, ఒక్కొక్క అడుగు 30 అంగుళాలు. సైన్యంలో క్విక్ మార్చ్ లెక్క ఇది. గుణిస్తే నిమిషానికి సరిగ్గా 100 గజాలు. పెద్దడోలు దెబ్బ ఎడమకాలితో పడాలి. అయితే 30 అంగుళాలు సిపాయి కాలికి సరిపోయే అడుగు. ఏడో తరగతి పిల్లవాడు ఆ అడుగు వేయాలంటే ఎగరాలి. ఎగిరితే భుజానికున్న డ్రమ్ము ఎగురుతుంది, పుల్ల తప్పుతుంది. అందుకే తెలిసిన లీడరు తన కాలు పొడవు చూసుకోడు. బ్యాండులో అందరికంటే పొట్టివాడు ఎవడో చూసి వాడి అడుగును అందరికీ అడుగుగా పెడతాడు. గొర్రు వెనక విత్తనం వేసే ఆడవాళ్ళను చూసినవాళ్ళకు ఇది తెలుసు. ఎద్దులు తొందరపడితే చేతిలో గింజ తొందరపడదు, సాలులో సందులు పడతాయి. కాబట్టి చేతి వేగాన్ని బట్టే ఎద్దులను నడిపిస్తారు.

ఇక సైన్సు విద్యార్థిగా నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నిమిషానికి 120 అడుగులంటే అడుగుకు అర సెకను. అర సెకనులో ధ్వని పోయేది 170 మీటర్లు. అంటే ఊరేగింపు పొడుగుగా ఉండి, డోలుకు 170 మీటర్లు వెనక ఒక పిల్లవాడు నడుస్తూ ఉంటే, ఎడమకాలి దెబ్బ వాడి చెవికి చేరేసరికి ముందరివాళ్ళు కుడికాలు వేస్తుంటారు. వాడు విన్నది సరిగానే విన్నాడు, వేసింది సరిగానే వేసినాడు, కానీ చూసేవాళ్ళకు వాడిది తప్పుకాలు. అంత దూరం అక్కరలేదు, 50 మీటర్లకే సెకనులో 7వ వంతు ఆలస్యం వస్తుంది. పొడుగు కవాతును మిద్దె మీద నుంచి చూస్తే కాళ్ళు చేనులో గాలికి కంకులు ఊగినట్లు అలలుగా కదలడం అందుకే. "వెనకవాళ్ళకు శ్రద్ధ లేదు" అని తిట్టే డ్రిల్లు మాస్టర్లు ఈ లెక్క ఒకసారి చేసి చూడాలి.

గోడలతో ఇంకొక చిక్కు. బ్యాండుకు ఎదురుగా 42 మీటర్ల దూరంలో బడిగోడ ఉందనుకోండి. దెబ్బ పోయి తిరిగి వచ్చేసరికి పావు సెకను. అంటే ప్రతిధ్వని సరిగ్గా రెండు దెబ్బల నడుమ పడుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు దాన్ని కూడా దెబ్బ అనుకొని తడబడతాడు. ఖాళీ మైదానంలో బాగా వాయించిన బ్యాండు బజారు వీధిలోకి పోగానే ఎందుకు చెడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మరి చెవిని నమ్మలేనప్పుడు దేన్ని నమ్మాలి? కంటిని. వెలుతురుకు ఆలస్యం లేదు. లీడరు చేతిలో కర్ర ఉండేది దీనికే. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. శబ్దం విని చెయ్యి కదలడానికి మనిషికి ఇంచుమించు సెకనులో 6వ వంతు పడుతుంది. విన్నాక కొడదామనుకున్నవాడు ఎప్పుడూ వెనకబడే ఉంటాడు. కర్ర అట్లా కాదు. అది పైకి పోతుండగానే ఎప్పుడు దిగుతుందో కన్ను ముందే లెక్క గట్టుకుంటుంది. కాబట్టి లీడరు పనితనమంతా కర్ర దించడంలో లేదు, ఎత్తడంలో ఉంది. ఒకే వేగంతో, ఒకే ఎత్తుకు, తొట్రు లేకుండా ఎత్తాలి. కర్రను గిరగిర తిప్పి పైకి ఎగరేసి పట్టుకోవడం జనానికి వినోదమే గానీ వెనకనున్న పిల్లలకు దానివల్ల ఏమీ తెలియదు.

మలుపు తిప్పడం కూడా లెక్కే. అయిదుగురు వరుసగా, మనిషికీ మనిషికీ మీటరు ఎడంతో నడుస్తూ ఎడమకు తిరగాలంటే, బయటి కొసన ఉన్నవాడు లోపలి కొసవాడికంటే సుమారు 6.28 మీటర్లు ఎక్కువ నడవాలి. అంటే ఎనిమిది అడుగుల పైమాట. డోలు అందరికీ ఒకటే గనుక అడుగుల సంఖ్య పెంచడానికి లేదు. లోపలివాడు అడుగు కుదించుకోవాలి, ఒక్కోసారి ఉన్నచోటనే కాళ్ళు ఆడించాలి. అందుకని లోపలి కొసన ఓపిక ఉన్న పిల్లవాణ్ణి పెట్టుకోవాలి.

ఇవన్నీ ఒకనాడు వచ్చేవి కావు. మొదట డ్రమ్ము ఇవ్వరు. చెక్కబల్ల మీద రెండు పుల్లలతో ఎడమ రెండు, కుడి రెండు అని వారాల తరబడి కొట్టాలి. ఆ తర్వాత సైడ్ డ్రమ్ము. బ్యూగిల్ ఊదే వాళ్ళది వేరే కష్టం. దానికి మీటలు, రంధ్రాలు లేవు. పెదవుల బిగింపు ఒక్కదానితోనే ఆ గొట్టంలో నుంచి 5 స్వరాలు రాబట్టాలి. తోలు సంగతి కూడా తెలుసుకోవాలి. ఆగస్టు ముసురుకు తోలు తడి పీల్చుకొని వదులవుతుంది, డ్రమ్ము ఖంగుమనదు. ఊళ్ళో తప్పెటను మంట దగ్గర కాచినట్లు ఇక్కడ బోల్టులు బిగించుకోవాలి. 1950ల చివర నుంచి ప్లాస్టిక్ పొరలు వచ్చి ఈ బాధ కొంత తగ్గించినాయి. వీటన్నిటి తర్వాతది పెద్దడోలు. అది వాయించడానికి తెలివి అక్కరలేదని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో ఒక ఏడాది పెద్దడోలు మోయనివాడికి కర్ర ఇవ్వకూడదు. ఆపమని లీడరు కర్రతో చూపితే, చాలా బ్యాండ్లలో ఆ మాటను అందరికీ చేరవేసేది పెద్దడోలు జంటదెబ్బే. ఆ దెబ్బ కోసం ఎదురుచూడటం తెలిసినవాడికే ఎప్పుడు చూపాలో తెలుస్తుంది.

కానీ మన బడుల్లో లీడర్ని ఎంచేది ఇట్లా కాదు. ముందు ఎత్తు చూస్తారు. ఆ తర్వాత బూట్లు, బట్టలు కొనగలిగిన ఇల్లా కాదా అని చూస్తారు. నేను చదివిన బడిలో ఒక ఏడాది మూడు నెలలు ప్రాక్టీసు చేయించిన పిల్లవాణ్ణి జనవరి 25 సాయంత్రం పక్కకు జరిపి, బడికి డ్రమ్ములు కొనిచ్చిన పెద్దమనిషి ఇంటి పిల్లవాడికి కర్ర ఇచ్చినారు. మరునాడు కర్ర వాడి చేతిలోనే ఉండింది గానీ, బ్యాండు మాత్రం పెద్దడోలు వాయించేవాణ్ణి చూసి నడిచింది. జనానికి ఏమీ తెలియలేదు.

ఇంకొక సంగతి రాయక తప్పదు. మన పక్క తప్పెట వాయించేది మాదిగ ఇండ్లవాళ్ళు. ఆ ఇండ్ల పిల్లలు చిన్ననాటి నుంచీ ఆ దెబ్బలు వింటూ పెరుగుతారు గనుక బ్యాండులో తొందరగా పట్టుకుంటారు. మాస్టర్లు కూడా వాళ్ళకే డ్రమ్ములు ఇస్తారు. ఇంట్లోవాళ్ళు మాత్రం, "బడికి పంపింది మళ్ళా తప్పెట కొట్టనీకేనా?" అంటారు. ఆ మాటను తప్పు పట్టలేము. చావుకూ జాతరకూ పిలిచి, పని అయినాక దూరంగా నిలబెట్టిన వాద్యం అది. అదే చెయ్యి, అదే లయ, బడిలో తెల్లపట్టీ వేసుకొని వాయిస్తే అధికారులు చప్పట్లు కొడతారు. అందుకే ఆ పిల్లలకు డ్రమ్ము ఇచ్చి కర్ర ఇంకొకరికి ఇవ్వడం నాకు నచ్చదు. డ్రమ్ముతో ఆపితే ఊరు చేయించిన పనే బడి కూడా చేయించినట్లు. అన్నీ వచ్చిన పిల్లవాడికి కర్ర ఇస్తేనే ఆ ఇంట్లోవాళ్ళ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మన ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో బ్యాండుకు ఉన్న అసలు శత్రువు సుగ్గి. వాన మొహం చాటేసిన ఏడాది దసరా, దీపావళి దాటగానే ఇండ్లకు తాళాలు పడతాయి. మిరప, పత్తి కోతలకు గుంటూరు దిక్కు పోయే లారీల్లో తల్లిదండ్రులతో పాటు పిల్లలూ ఎక్కుతారు. ఆగస్టుకు ఇరవైమందితో తయారైన బ్యాండు జనవరికి పదకొండు మందితో మిగులుతుంది. అందులో సైడ్ డ్రమ్ములు ఆరు ఉండి పెద్దడోలు వాయించేవాడే లేకపోవచ్చు. కాబట్టి ఇక్కడి లీడరు ఒక్కో వాద్యానికి ఇద్దరిని తయారుచేసి పెట్టుకోవాలి, తన కర్రకు కూడా. పోయినవాడు మార్చిలో తిరిగి వస్తే వాడి చోటు వాడికి ఇవ్వాలి. ఈ రెండోది కష్టం. అంతవరకు వాయించినవాడు ఊరికే వదలడు.

ఆడపిల్లల విషయం. రక్షణశాఖ, విద్యాశాఖ కలిసి రిపబ్లిక్ డే సందర్భంగా ఢిల్లీలో జరిపే జాతీయ పాఠశాల బ్యాండు పోటీల్లో బాలికలకు బ్రాస్ బ్యాండు, పైప్ బ్యాండు విభాగాలు వేరుగా ఉన్నాయి. 2025 జనవరి 26న జార్ఖండ్‌లోని పటమ్‌దా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం ఆడపిల్లల పైప్ బ్యాండు రాష్ట్రపతి వేదిక ఎదురుగా వాయించింది. కస్తూర్బా విద్యాలయాలు చదువు మానేసిన పేద ఆడపిల్లల కోసం పెట్టినవి, మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. అవి హాస్టలు బడులు గనుక తల్లిదండ్రులు సుగ్గికి పోయినా పిల్ల బడిలోనే ఉంటుంది. బ్యాండుకు కావలసిన మొదటి వసతి ఇదే. డ్రమ్ముల ఖర్చు ఆ తర్వాతి మాట. "ఆడపిల్ల రోడ్డు మీద డోలు మోయడమేంది" అనే పెద్దలు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళే పొద్దుగూకులూ అదే పిల్ల నెత్తిన నీళ్ళబిందె పెట్టి నడిపిస్తారు. బిందె తొణకకుండా కిలోమీటరు నడిచిన పిల్లకు ఒకే తీరు అడుగు వేయడం కొత్తగా నేర్పవలసిన పని లేదు.

కొత్త లీడరు కోసం చూసే మాస్టర్లకు ఒక పద్ధతి చెబుతాను. డిసెంబరులో ఒక సాయంత్రం బ్యాండును మైదానం చుట్టూ నడిపించి, నడుమ ఉన్నట్లుండి పెద్దడోలును ఆపించండి. కర్ర కూడా దించేయమనండి. చాలామంది తలలు తిప్పి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకరో ఇద్దరో మాత్రం లోపల లెక్కపెట్టుకుంటూ అదే అడుగు వేస్తుంటారు, పక్కవాళ్ళ కాళ్ళు మెల్లగా వాళ్ళ కాళ్ళతో కలుస్తాయి. వాళ్ళ పేర్లు రాసుకొని, మరునాటి నుంచి పాత లీడరు పక్కన నడవనివ్వండి.