ఒక ఆంగ్లపదమును జ్ఞాపకముంచుకొనుట

పిల్లలకు పాఠము చెప్పునప్పుడో, ఇంగ్లీషు పత్రిక చదువునప్పుడో కఠినపదము తగిలిన మనము నిఘంటువు తీసి అర్థము చూతుము, తెల్లవాఱునప్పటికి మఱచిపోదుము. ఇందుకు సోదరీమణులు తమ బుద్ధిని నిందించుకొననక్కఱలేదు. అర్థములేని అక్షరములను తానే వల్లించి తన్ను తాను పరీక్షించుకొనిన ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు, నేర్చినదానిలో పెద్దభాగము మొదటిదినముననే జాఱిపోవుననియు, ఒక్కమాఱే వల్లించుటకంటె దినములు విడిచి వల్లించుట మేలనియు 1885లో ప్రకటించెను. మునుపెఱిగినదానితో ముడిపడిన మాట మఱింత గట్టిగా నిలుచును. ఆ ముడి యెట్లు వేయవలెనో ఒక్క పదముతో చూపెదము.

ఆ పదము 'జగర్‌నాట్'. అడ్డువచ్చినదానినెల్ల నలగద్రొక్కుచు, ఎవ్వరాపినను ఆగక సాగు మహాశక్తి యని దాని యర్థము. యుద్ధములను, పెద్ద వ్యాపారసంస్థలను గూర్చి వ్రాయువారు దీనిని వాడుదురు. ఇంగ్లండులో మిక్కిలి పెద్ద సరకులలారీకిని ఇదియే పేరు. మేమును దీనిని నిఘంటువులో చూచి మూడుమాఱులు మఱచితిమి. నాలుగవమాఱు మెల్లగా పైకి పలుకగా తెలిసినది: అది మన జగన్నాథస్వామి పేరే!

పూరీలో ఆషాఢ శుద్ధ విదియనాడు రథయాత్ర ప్రారంభమగును. స్వామి రథమగు నందిఘోషమునకు 16 చక్రములు, బలభద్రుని తాళధ్వజమునకు 14, సుభద్ర రథమునకు 12. ఏటేట వీనిని క్రొత్తగా నిర్మింతురు. జనసమూహము మోకులు పట్టి లాగ కదలిన అంతటి రథమును చప్పున నిలుపుట సులభము కాదు. ఈ దృశ్యమును కన్నులయెదుట నిలుపుకొనినవారు పదమును మఱవరు.

అయినను జగత్తునకు నాథుడను పేరు క్రూరశక్తికెట్లు చెల్లినది? మన దేశమునకు వచ్చిన ఒడొరిక్ అను ఇటలీ సన్యాసి, భక్తులు రథచక్రముల క్రింద పడి ప్రాణములు విడుతురని 14వ శతాబ్దముననే వ్రాసెను. 1806లో పూరీకి వచ్చిన బుకానన్ అను క్రైస్తవబోధకుడు అట్టిదానిని కంటితో చూచితినని వ్రాసి, స్వామిని ఘోరదైవముగా వర్ణించెను. ఇట్టి వ్రాతలవలన 19వ శతాబ్దమున పేరు కాస్త సామాన్యపదమైనది. అయితే బ్రిటిషువాడే యగు హంటరు, 1872లో ప్రకటించిన ఒరిస్సా చరిత్రమున, ఆత్మహత్య జగన్నాథుని ఆరాధనకే విరుద్ధమనియు, ఆ మరణములు మిక్కిలిగా త్రొక్కిడివలన కలిగినవనియు స్పష్టపఱచెను. దూరమునుండి వచ్చినవారు భయముతో చూచినదే నిఘంటువున నిలిచినది. కోట్లమంది భక్తితో చూచినది నిలువలేదు.

కావున ఈ పదమును నేర్చువారు రాత్రి పుస్తకము మూసి అర్థము తలచుకొనవలెను; మఱునాడు, మూడవనాడు, వారము గడచినపిమ్మట మరల తలచుకొనవలెను. పిమ్మట సొంతవాక్యమున నుపయోగింపవలెను. 'ధరల జగర్‌నాట్ క్రింద సంసారములు నలుగుచున్నవి' అనిన, మన యింటి కష్టమే పదమునకు కాపలాయగును.

రేపు మీ అమ్మాయి ఈ పదమునకు అర్థమడిగిన, నిఘంటువులోని అర్థము చెప్పుడు. అది పరీక్షకు కావలసినది. పిదప రథము కథయు, ఆ పేరునకు కలిగిన అపవాదును చెప్పుడు. అది ఆమెకు జన్మమంతయు కావలసినది.