ఇంటి మొక్కలకు పురుగు పడితే

భట్టిప్రోలు చుట్టుపక్కల కాలువ నీళ్ళ చలువ వల్ల ఇంటి ముందు రెండడుగుల జాగా ఉన్నా ఏదో ఒక మొక్క బతుకుతుంది. కరివేపాకు, గోరింటాకు, మందారం, నిమ్మ, పుదీనా మడి, పందిరి మీద చిక్కుడు మన ఇళ్ళలో చాలామందికి ఉన్నవే. వాటికి పురుగు పట్టగానే మనలో ఎక్కువమంది చేసే పని కూడా ఒకటే. మినుముకో మిరపకో తెచ్చి మిగిలిన మందు అటక మీద ఉంటుంది. మూతతో కొలిచి నీళ్ళలో కలిపి చల్లేస్తాం. పొలంలో అయితే మందు కొట్టాక కోతకు కొన్నాళ్ళు ఆగాలని రైతుకు తెలుసు. పెరట్లో ఆ గడువు ఎవరు చూస్తారు? పొద్దున చల్లిన చెట్టు నుంచే సాయంత్రం కూరలోకి రెబ్బ తుంచుతాం. పిల్లలు ఆ మొక్కల మధ్యే ఆడుకుంటారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అసలు అటువంటి సీసా ఇంట్లో ఉండటమే ఎంత ప్రమాదమో మన జిల్లాల వారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

అంత మందు చల్లినా పురుగు మళ్ళీ ఎందుకు వస్తుందో మన పత్తి చేలే చెప్పాయి. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాయతొలుచు పురుగు కోసం పైరిత్రాయిడ్ మందులను విపరీతంగా కొట్టారు. తెల్లదోమను తిని బతికే మిత్ర పురుగులు ఆ మందులకు చచ్చాయి. అంతవరకూ ఎవరూ లెక్కచేయని తెల్లదోమ చేలను ముంచెత్తింది. 1987-88లో ఆ పత్తి అప్పులు ఎన్నో ఇళ్ళలో ప్రాణాలే తీశాయి. దీనికి ఎదురు ఉదాహరణ అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల. ఆ ఊరి పత్తి రైతులు వేప కషాయాలు, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో నెట్టుకొచ్చి 2004 నాటికి ఊరంతా పురుగు మందులు మానేశారు. చేలల్లో సాగిన పని నాలుగు కుండీల దగ్గర సాగకపోదు.

ముందుగా మన మొక్క మీద ఉన్నది శత్రువో మిత్రుడో పోల్చుకోవాలి. అక్షింతల పురుగు సంగతే చూడండి. ఎర్రగా నున్నగా మెరిసేది పేనుబంకను తింటుంది, దాని జోలికి పోకూడదు. వంగ మొక్క మీద కనిపించేది మెరుపు లేకుండా, సన్నటి నూగుతో, ఒంటి మీద 28 చుక్కలతో ఉంటుంది. ఇది ఆకు పచ్చదనాన్ని గీకి జల్లెడలా చేస్తుంది. దీన్ని ఏరి సబ్బు నీళ్ళలో వేయాలి. మిత్ర పురుగు పిల్లలు తల్లిలా గుండ్రంగా ఉండవు. నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసలిలా ఉంటాయి. తెలియక చాలామంది వీటినే ముందు నలిపేస్తారు.

నిమ్మ, కరివేపాకు ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పిల్ల పురుగు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి రెమ్మలు రెమ్మలే తినేస్తుంది. చేత్తో ఏరడానికి మించిన మందు దీనికి లేదు. చెట్టు పెద్దదైతే రెండు మూడింటిని వదిలేసినా నష్టం లేదు, పిల్లలకు సీతాకోకచిలుక ఎలా పుడుతుందో చూపించవచ్చు.

చిక్కుడుకు పట్టే పేనుబంక, మందారానికి పట్టే పిండినల్లి రసం పీల్చే రకాలు. వీటి దగ్గర చీమలు బారులు కట్టి ఉంటాయి. ఈ పురుగులు విడిచే తీపి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, మిత్ర పురుగులను దగ్గరకు రానివ్వవు. అందుకని మొదలు చుట్టూ గుడ్డ పీలిక కట్టి గ్రీజు పూసి చీమల దారి మూసేయాలి. తర్వాత ఆకుల అడుగు భాగానికి తగిలేలా నీళ్ళు గట్టిగా కొట్టాలి. మిగిలిన వాటి మీద కుంకుడు రసం గానీ పలచని సబ్బు నీళ్ళు గానీ చల్లాలి. మంచు తడి ఆరకముందే చిక్కుడు మీద జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లడం మన పెద్దలు ఎరిగినదే, గ్యాసు పొయ్యిలు వచ్చాక బూడిదే కరువైంది. పిండినల్లి మరీ ముదిరిన కొమ్మను కత్తిరించి కాల్చేయడం నయం. 2008లో కోయంబత్తూరులో బయటపడి దక్షిణాదిన బొప్పాయి తోటలను ఎండగట్టిన పిండినల్లిని కూడా చివరికి లొంగదీసింది, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన ఒక సూక్ష్మమైన కందిరీగ.

వంగలో లేత మొవ్వు వాలిపోతే లోపల పురుగు తొలుస్తోందని గుర్తు. ఆ మొవ్వును అంగుళం కిందికి తుంచి కాల్చాలి. పైన ఏది చల్లినా లోపలి పురుగుకు తగలదు.

ఇక వేప. లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పొడి చొప్పున గుడ్డ మూట కట్టి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను బాగా పిండి, వడకట్టి, ఆకుకు అంటుకునేందుకు కొద్దిగా సబ్బు నీళ్ళు కలపాలి. అదే రోజు ఎండ తగ్గాక చల్లాలి. వేపలోని సారం ఎండకు త్వరగా చెడిపోతుంది కనుక మధ్యాహ్నం చల్లితే శ్రమ వృథా. మర్నాడే పురుగులు రాలిపడాలని చూడవద్దు. వేప పురుగుకు తిండి రుచించకుండా చేస్తుంది, కుబుసం విడవనివ్వదు, ఫలితానికి నాలుగైదు రోజులు పడుతుంది. వారం పది రోజులకు మళ్ళీ ఒకసారి చల్లాలి.

పొగాకు కషాయం కూడా సహజమే కదా అని కొందరు కాస్తారు. మేమైతే ఇంట్లో వద్దనే అంటాం. నికోటిన్ మనుషులకూ విషమే, చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. పైగా పొగాకు పట్టుకున్న చేతులతో టమాటా, మిరప మొక్కలను తాకితే మొజాయిక్ తెగులు అంటుకునే అవకాశం ఉంది.

వేప పళ్ళు రాలేది జూన్, జూలై నెలల్లో. గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గోనె సంచిలో దాచాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడతాయి. రెండు కిలోలు దాచుకుంటే ఒక ఇంటి మొక్కలకు ఏడాది పొడవునా సరిపోతాయి.